ఒక్క స్పీడు మెషిన్

మా ఆయనవి చేతులు కావు, పట్టుకార్లు అని ఇంటికొచ్చినవాళ్ళందరికీ నేనే గొప్పగా చెప్పేదాన్ని. పొయ్యి మీద మరుగుతున్న గిన్నెని గుడ్డ లేకుండా దించేవాడు మరి. "ఏమయ్యా, కాలట్లేదా?" అంటే నవ్వేవాడు. ఆ నవ్వు చూసి నేనూ నవ్వేదాన్ని, మొద్దుదాన్ని.

ఇరవై రెండేళ్ళు కుళాయిల ఫ్యాక్టరీలో పాలిష్ పట్టాడు. తిరిగే చక్రానికి కుళాయిని అదిమి పట్టి మెరుగు పెట్టడం. ఆ పనికి గ్లవ్స్ వేసుకోకూడదు, చక్రం గ్లవ్‌తో పాటు చెయ్యినీ లాగేస్తుంది. అందుకని ఉత్తి చేతులే. లోహం ఎప్పుడు వేడెక్కిందో వేలి కొసకి తెలుస్తుంది, తెలియగానే నీళ్ళలో ముంచాలి. ఆ పనంతా అంతే. పోయినేడాది కొత్త మెషిన్లొచ్చాయి, ఈయన్ని ప్యాకింగ్‌కి పంపారు. అక్కడ అట్టపెట్టెలకి టేపు అంటించాలి. "టేపు కొస దొరికి చావదే" అని రోజూ విసుక్కుంటూ వచ్చేవాడు. సూపర్‌వైజరు రెండుసార్లు మొహం మీదే అన్నాట్ట, నీకంటే కొత్తగా చేరినవాళ్ళు నయమని.

ఆ మాట పట్టుకుని ఒక ఆదివారం ప్రకటించాడు. "ఇంట్లోనే కత్తులు చేస్తాను. నా చేతిలో పనుంది, ఇంకొకడి దగ్గర మాట పడేదేంటి?"

నేను పనిచేసేది హాస్టల్ వంటగదిలో. పొద్దున్నుంచీ ఉల్లిపాయలు, క్యారెట్లు, మొద్దుబారిన కత్తి, ఇంటికొచ్చేసరికి మణికట్టు వాచిపోతుంది. మా హెడ్ కుక్‌తో మాటవరసకి అంటే, "ఒకటి చేసి చూపించమను. బాగుంటే వంటగదికి ఆరు తీసుకుంటా" అంది. ఆ మాట నేనెందుకు మోసుకొచ్చానో గానీ, ఆ రోజు నుంచి మా ఇంట్లో బెల్ట్ సాండర్ తప్ప ఇంకో ముచ్చట లేదు. గరుకు పట్టీ గిరగిర తిరుగుతుంటుంది, దానికి ఉక్కు ముక్క ఆనిస్తే అరుగుతుంది, అంతే దాని భాగోతం. దానికోసం మూడు నెలలు నా బుర్ర తినేశాడు. అన్నం తింటూ ఫోన్లో వీడియోలు. వెడల్పు పట్టీది చెక్కపనికట, కత్తికి సన్న పట్టీది కావాలట. పట్టీ పక్కకి జారిపోతే మెషిన్ దండగట. మెషిన్ చవగ్గా దొరికినా దానికి సరిపోయే పట్టీలు దొరక్కపోతే మూల పడేయాల్సిందేనట. నిజం చెప్పొద్దూ, వినీ వినీ ఇవన్నీ నాకూ కంఠతా వచ్చేశాయి.

చివరికి షాపుకి నన్నూ లాక్కెళ్ళాడు. షాపతను ఓపికస్తుడు. రెండు చూపించాడు. ఒకటి ఒకే స్పీడుది, చవక. ఇంకోటి మర తిప్పి స్పీడు తగ్గించుకునేది, దానికి దాదాపు రెట్టింపు.

"మొదటిసారి కత్తులు చేస్తున్నారంటున్నారు. కష్టమైనా ఈ రెండోది తీసుకోండి. నెమ్మదిగా తిప్పుకుంటే ఉక్కు వేడెక్కదు. వేడెక్కి అంచు నీలంగా మారిందా, ఆ కత్తి ఇక పదును నిలుపుకోదు" అన్నాడు షాపతను.

మా ఆయన మొహం ముడుచుకున్నాడు. "వేడి సంగతి నాకు చెప్తావా నువ్వు? ఇరవై రెండేళ్ళు! ఈ వేళ్ళుండగా నాకు మర ఎందుకు?"

అతను నా వైపు చూశాడు. నేనేమన్నానో తెలుసా? "ఆయన చేతులు మీకు తెలీదు లెండి" అన్నా. ఒక్క స్పీడుదే మోసుకొచ్చాం.

వెనకవైపు వసారాలో బల్లకి బిగించాడు, పక్కన బకెట్‌తో నీళ్ళు. లోహాలు కోసే పెద్ద రంపం తాలూకు పాత బ్లేడు తెచ్చాడు, అది ముందే గట్టిపడ్డ ఉక్కు. నా చెయ్యి కాగితం మీద పెట్టించి గీత గీసి, ఆ కొలతకి పిడి ఆకారం తీశాడు. అది చూసి నాకు ముచ్చటేసింది, అబద్ధమెందుకు. కానీ మొదటి కత్తి అంచు నీలమైపోయింది. పట్టీ మంచిది కాదన్నాడు. రెండోదీ నీలమే. ఉక్కు మంచిది కాదన్నాడు. "మోటారుదే దోషం, మరీ దూకుడు" అని షాపతన్ని తిట్టాడు. వసారాలోంచి లోపలికొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. హెడ్ కుక్ రోజూ అడుగుతోంది. నాకు తల కొట్టేసినట్టుంది.

మూడోదానికి సెలవు పెట్టాడు. నేను డ్యూటీ దిగొచ్చి, టీ ఇద్దామని వసారాలోకి వెళ్ళా. మెషిన్ ఆపి, కత్తిని వెలుగుకి పట్టి చూస్తున్నాడు. ఆయన వేళ్ళు ఉక్కు మీదే ఉన్నాయి, తాపీగా. "చూడవే, ఈసారి కుదిరేట్టుంది" అని ముందుకు చాపాడు. ఆయన వేలి పక్కనే నా వేలు పెట్టా.

అమ్మో! గ్లాసు జారి పగిలింది. వేలు నోట్లో పెట్టుకుని గెంతుతుంటే, ఆయన కంగారుగా "ఏమైంది, ఏమైంది?" అంటున్నాడు. కత్తి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

వెళ్ళి కత్తి లాగి బకెట్లో పడేశా. చుయ్యిమంది. చెయ్యి తిప్పి చూస్తే బొటనవేలి మీద, చూపుడు వేలి మీద తెల్లగా పొక్కులు.

"ఎప్పట్నించి?" అన్నా.

పొక్కుల చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నిన్నేనయ్యా. ఎప్పట్నించి తెలీట్లేదు?"

"రెండేళ్ళు దాటింది" అన్నాడు, బకెట్ వైపు చూస్తూ. "ముందు తిమ్మిరి. తర్వాత అదీ లేదు."

రెండేళ్ళు. అప్పుడు నాకు ఒక్కొక్కటే తట్టింది. టేపు కొస. మరిగే గిన్నె. అన్నిటికంటే, పొద్దున్నే ఎదురుగా వచ్చి నిలబడి చొక్కా గుండీలు పెట్టమనడం. ఇన్నేళ్ళకి ఈయనకి నా మీద ముద్దొచ్చిందని, పనికి ఆలస్యమవుతున్నా మురిసిపోతూ పెట్టేదాన్ని. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందో చెప్పలేను. గాజు పెంకులు ఏరుతూ నోటికొచ్చినట్టు తిట్టా.

స్పీడు తగ్గేదానికి మార్చుకుందామని వెళ్తే, వాడిన మెషిన్ వెనక్కి తీసుకోం అన్నాడు షాపతను. మా ఆయన అంకెలు లెక్కపెట్టుకుంటూ కత్తిని నీళ్ళలో ముంచి చూశాడు, అంచు పలచబడేకొద్దీ త్వరగా వేడెక్కి ఆ లెక్కా తప్పింది, మళ్ళీ నీలమే. "వదిలేద్దాంలే" అన్నాడు. ప్యాకింగ్ అట్టపెట్టెల మధ్య ఆ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను వదల్లేదు.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగొచ్చి, కాళ్ళు పీకుతున్నా స్టూలు వేసుకుని ఆయన పక్కన కూర్చుంటా. ఆయన ఒకసారి రుద్ది కత్తిని నా వైపు చాపుతాడు. వెన్ను మీద వేలు పెట్టి నేను "ఊఁ" అంటే ముంచుతాడు, "ఊహూఁ" అంటే ఇంకోసారి రుద్దుతాడు. ఊఁ, ఊహూఁ, తొమ్మిది రోజులు. ఉల్లిపాయలు తరిగిన చెయ్యికి ఇదో చాకిరీ. మధ్యలో నేను కునికితే మెషిన్ ఆపి, నేను లేచేదాకా కూర్చునేవాడు.

నిన్నటికి పూర్తయింది. అంచు పొడుగునా తెల్లగా ఉంది, ఎక్కడా నీలం లేదు. పాత అలవాటు కదా, బొటనవేలు అంచు మీద మెల్లగా నడిపాడు. మొహం వాడిపోయింది.

"పదునెక్కలేదే" అన్నాడు.

వేలి మీద సన్నని ఎర్రగీత లేచి, చుక్కగా మారి, చొక్కా మీద పడింది. ఆయన ఇంకా కత్తినే చూస్తున్నాడు.

"ఎక్కిందిలేవయ్యా" అన్నా, గుడ్డపీలికతో ఆ వేలు చుడుతూ. "బాగా ఎక్కింది."