తెర కింది సగంలో షమీమక్క

ఇన్నేళ్ళుగా ఈ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇంట్లో చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

రెండువేల మూడులో గల్ఫ్‌లో, రువైస్ అనే ఊళ్ళో ఒక కంపెనీ కంప్యూటర్ గదిలో పనికి చేరాను. అసలు యంత్రం, ఫైళ్ళన్నీ ఉండే పెద్ద కంప్యూటర్, అబూధాబీ ఆఫీసులో ఉండేది. దాన్ని చూసుకునేది షమీమక్క, కడప మనిషి. మా మధ్య పొడవాటి ఎడారి దారి. నల్లటి తెర మీద ‘టాక్’ అని కొట్టి ఆమె పేరిస్తే చాలు, తెర రెండు సగాలయ్యేది. పైన నా మాటలు, కింద ఆమెవి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పంపడమంటూ ఉండదు; ఒక్కో అక్షరం కొడుతుండగానే అవతల కనబడుతుంది, తప్పులూ దిద్దుకోవడాలూ అన్నీ. ఆమె తడబడగా నేను చూడలేదు. అడిగిందే పదిసార్లు అడిగినా విసుక్కోలేదు. నాకొచ్చిన పనంతా ఆ కింది సగంలోంచి వచ్చిందే. ముఖం చూడకుండానే ఒక మనిషిని అంతగా గౌరవించవచ్చని అక్కడే తెలిసింది.

ఒకరోజు పొద్దున పాత ఫైళ్ళు తీసేయబోయి, మరమ్మతుల రికార్డులన్నీ చెరిపేశాను. ఆమెను పిలిచాను.

“అక్కా, అంతా పోయింది.”

“పోతే పోయింది గానీ, ఇంక దేన్నీ ముట్టుకోవాకు. నా దగ్గర మొన్నటిదాకా నకలు తీసిన టేపుంది. అన్నీ వెనక్కి తెస్తా.”

“ముదీర్‌కు తెలిస్తే నన్ను ఇంటికి పంపించేస్తాడక్కా.” అక్కడ మేనేజర్‌ని ముదీర్ అనేవాళ్ళం.

“ముందు పని కానీ అబ్బీ. పోయి టీ తాగిరాపో.”

భోజనానికి కూడా లేవకుండా సాయంత్రానికి దాదాపు అన్నీ వెనక్కి తెచ్చింది. చివరి రోజువి మాత్రం దొరకలేదు.

అవి కనబడక ముదీర్ ఫోన్ చేశాడు. ఎవరు చెరిపారన్నాడు. ఫైళ్ళ పనికి ఇద్దరం వాడేది ఒకటే లాగిన్; ఎవరు చెరిపారో యంత్రంలో తేలదు. నాకింకా ఉద్యోగం ఖాయం కాలేదు. భయమేనా కారణం? లేక అంత పనితనాన్ని రోజూ మెచ్చుకుంటూనే లోపల ఎక్కడో ఓర్వలేకపోయానా? ఎంత తవ్వుకున్నా తేలలేదు. “షమీమ్ మేడమ్ చెప్పినట్టే కొట్టాను సార్,” అన్నాను.

ఆమెనూ అడిగారట. “యంత్రం నా చేతిలో ఉంది, బాధ్యత నాదే,” అందట. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదట.

మర్నాడు ఆమే పిలిచింది. కింద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి: “నా పేరు చెప్పింది నువ్వేనా?”

కీబోర్డు మీద చేతులు పెట్టాను. తీసేశాను. ఆ వాక్యం చివరినుంచి ఒక్కో అక్షరమే చెరిగిపోయింది. ఖాళీ. తర్వాత ఇలా వచ్చింది: “నన్ను ఈ పనిలోంచి తీసి అల్ ఐన్ స్టోర్స్‌లో సామాన్ల లెక్కకు ఏసినారు. టేపు ఎట్ల మార్చాల్నో చెప్తా, రాసుకో.”

అంతా ఓపిగ్గా చెప్పింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ఆమె కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఆమె నేర్పిన పనితోనే ఈరోజుకీ అన్నం తింటున్నాను. ఎక్కడుందో కనుక్కోవచ్చు. కనుక్కోలేదు. క్షమించేస్తుందేమోనని భయం.

రికార్డులు చెరిపింది నేను. అబద్ధం చెప్పింది నేను. ఎవరి ముందూ అనని మాట ఇదే. అన్నాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.