అరుణ పెట్టిన సంతకం

సాతంరాయి ఊరి అరుణ విమానాశ్రయంలో సామాను తనిఖీ యంత్రం దగ్గర ఖాళీ ట్రేలు ఎత్తిపెట్టే పని చేసేది. కడుపుతో ఉండి కూడా ఏడో నెల దాకా పనికి పోయింది. కూతురు సరిత కుడిచేతి బొటనవేలు ఎముక లేకుండా, సన్నటి తోలుకు వేలాడుతూ పుట్టేసరికి అత్త ఈరమ్మకు తిట్టడానికి సాకు దొరికింది.

"ఆ మిషన్ కాడ నిలబడొద్దని నెత్తీ నోరు కొట్టుకున్న. ఇన్నవా? పిల్ల వేలు తిన్నవు."

అన్నం తింటున్న భర్త రవీందర్ తలెత్తలేదు. అరుణ అతన్ని ఎన్నటికీ క్షమించలేదు.

డాక్టర్ ప్రియదర్శిని పాప గుండెకూ మూత్రపిండాలకూ పరీక్షలు చేయించి, అవి బాగున్నాయన్నాక అసలు సంగతి చెప్పింది.

"ఇది మీ పని వల్ల వచ్చింది కాదమ్మా. ఈ వేలు ఎప్పటికీ పనిచేయదు. తీసేసి, చూపుడువేలిని దాని చోటికి తిప్పి అమరుస్తాం. వేళ్లు నాలుగే ఉంటాయి. పట్టు మాత్రం వస్తుంది."

ఇంట్లో ఈరమ్మ భగ్గుమంది. "లెక్కకు ఐదున్నయి గద. ఉన్నది కోయించి, మంచి వేలు గూడ ఖరాబ్ చేస్తవా? నా కొడుకు సంతకం పెట్టడు."

"నేను పెడ్త అత్తా."

"పెడితే ఇగ ఈ ఇంటికి రాకు," అన్నాడు రవీందర్.

సరితకు పద్నాలుగు నెలలు నిండాక అరుణ ఒక్కతే దవాఖానకు తీసుకుపోయింది. ఆపరేషన్ కాగితం మీద సంతకం సగంలో ఆపింది. ఈరమ్మ మీది కోపంతోనే పేరు పూర్తిచేసింది. ఆపరేషన్ అయ్యాక పిల్లతో అక్కడి నుంచి నేరుగా గగన్‌పహాడ్‌లో కిరాయి గదికి చేరింది.

ఐదు వారాలకు కట్టు విప్పారు. వాచిన వేలు, కుట్ల గుర్తులు చూసి అరుణే మొహం తిప్పుకుంది. తప్పు చేశానేమో అని మొదటిసారి భయపడింది. పిల్ల పాత అలవాటుతో వేళ్ల సందున వస్తువులు ఇరికించుకుంటుంటే విసిగి ఒకసారి కొట్టింది కూడా. ఏడాది తిరిగేసరికి సరిత ఆ వేలితో పల్లీ గింజ పట్టి నోట్లో వేసుకుంది.

ఆ సంగతి విని ఈరమ్మ, రవీందర్ వచ్చారు. ఈరమ్మ పిల్ల చేయి పట్టి లెక్కపెట్టింది. "నాలుగే. ఐదోదేది?"

సరిత ఆ చేత్తోనే ఆమె కొంగు పట్టి లాగింది. ఈరమ్మ విడిపించుకోలేకపోయింది.

"గట్టిగనే పట్టింది," అని గొణిగాడు రవీందర్.

అరుణ వచ్చి కొంగు విడిపించింది. "చూసిండ్రు గద. ఇగ పోండ్రి."

వాళ్లు గడప దాటగానే తలుపు వేసి, పిల్లకు అన్నం కలపడానికి కూర్చుంది.