అక్క కనిపెట్టిన దొంగ

సూర్యాపేట బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద అరచేతి సైజు డిటెక్టివ్ నవల కనబడింది. ఆ ముతక కాగితం వాసనకు నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది.

మిర్యాలగూడలో మా అక్క అలాంటివి కిరాయికి తెచ్చి, సోషల్ పుస్తకంలో దాచుకుని చదివేది. మీరూ చదివే ఉంటారు! ఒకరోజు నానమ్మ బంగారు కమ్మలు పోయాయి. అందరూ మా ఇంట్లో పనిచేసే ఎల్లమ్మ మీద పడ్డారు. పోలీసులను పిలుస్తానని చిన్నాన్న అందరికన్నా ఎక్కువ అరిచాడు.

అక్క మెల్లగా అంది: "ఎల్లమ్మ భయపడ్తలేదు నాన్నా, కోపంగ సూస్తంది. చిన్నాన్ననే, ఎవ్వరు అడగకముందే ఇంట్ల లేనని పదే పదే చెప్తుండు."

నాన్న చిన్నాన్న పెట్టె తెరిస్తే కమ్మలు అందులోనే ఉన్నాయి.

"పెద్దోళ్లనే అనుమానిస్తవా? ఈ పుస్తకాలే నిన్ను చెడగొట్టినయ్!" అని నాన్న అక్కనే కొట్టి, నవలను పొయ్యిలో వేశాడు. చిన్నాన్నకు మాత్రం అన్నం వడ్డించారు. మనిషి మనసును చదవడాన్ని ఇప్పుడు సైకాలజీ అని పొగుడుతున్నారు, అప్పుడు దానికి దెబ్బలు!

అక్క ఏడుస్తూనే, పని వదిలి వెళ్లిపోతున్న ఎల్లమ్మ వెనక పరుగెత్తి, "మావోళ్లదే తప్పు" అంది.

ఎల్లమ్మ ఆగింది. "నువ్వెందుకు చెప్తున్నవ్ బిడ్డా? నన్ను దొంగన్నోళ్ల నోళ్లు ఏమైనయ్?"