రెండు సంఘాల ప్రార్థనల మధ్య ఒక పురుడు

మా వియ్యపురాలు చైనా నుంచి వచ్చిన మనిషి, పైగా భక్తిపరురాలు. ఈ రెండిట్లో మొదటిది నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. చిక్కంతా రెండోదానితోనే. నేనూ క్రైస్తవురాలినే. కోస్తాలో మా ముత్తాత కాలం నుంచి ఆదివారం గుడి బల్లల్ని అరగదీసిన కుటుంబం మాది. ఆవిడ మాత్రం అమెరికా వచ్చాక నమ్ముకుంది. భర్త పీహెచ్‌డీ చేస్తుంటే, పలకరించే మనిషి లేని తొలి చలికాలంలో, చర్చి వాళ్లు వ్యాన్ తెచ్చి సరుకులకి తీసుకెళ్లారట. బియ్యం బస్తా మోసి మేడ మీదికి చేర్చారట. దేవుడు తనకి మొదట కనిపించింది ఆ వ్యాన్‌లోనే అంటుంది.

"మీరు అందులోనే పుట్టారు కదా సిస్టర్, మరి నమ్మింది ఎప్పుడు?" అని నిశ్చితార్థం నాడే నన్ను నిలదీసింది. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఇంగ్లీషే, ఎవరి యాస వాళ్లది. నేను నోరు తెరిచేలోపు ఎవరో కేకు కోసి ఆవిడని కాపాడారు.

పెళ్లయింది, కోడలికి నెలలు నిండాయి. పిల్లలుండేది న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో. ఆవిడ ఇల్లు అక్కడికి అరగంట డ్రైవ్. మేమున్న నేపర్‌విల్ నుంచి అయితే విమానం ఎక్కాలి. మనలో తొలి పురుడు పుట్టింటివాళ్లది. కూతురికి పథ్యం పెట్టడం, నడుం కట్టడం తల్లి హక్కు. ఆమె ఉండగా అత్తగారు వెళ్లి వంటింట్లో దూరడం మర్యాద కాదు. అందుకని మనవరాలు పుట్టిందని తెలిసినా ఫోన్‌లోనే ముద్దులు పెట్టి, టికెట్ బుక్ చేయకుండా పెద్దమనిషిలా కూర్చున్నాను. అలా కూర్చోవడం నాకెంత కష్టమో మా ఆయన్ని అడగాలి.

వారం పోయాక వీడియో కాల్ చేస్తే కోడలు సోఫాలో ఉంది. తడి జుట్టు, ఒళ్లో పిజ్జా పెట్టె, చేతిలో ఐసు ముక్కలు గలగలలాడే గ్లాసు.

"మీ అత్తగారేరిరా?" అని మా అబ్బాయిని అడిగాను.

"హాస్పిటల్‌కి వచ్చారు అమ్మా. ప్రే చేశారు. ఇంటికి వెళ్లిపోయారు."

"వెళ్లిపోవడమేంటి? బాలింతకి ఐసు నీళ్లేంటి?"

"నర్సే ఇచ్చింది అమ్మా. మేము ఓకే. నువ్వు స్ట్రెస్ అవ్వకు."

నేను స్ట్రెస్ అవలేదు, మండిపోయాను. బుధవారం మా తెలుగు సంఘం కూటంలో ప్రార్థన అంశాలు అడిగితే లేచి నిలబడ్డాను. "ఒక తల్లి ఉంది. కన్నకూతురు బాలింతరాలై ఉంటే అరగంట దూరంలో ఉండి తొంగి చూడటం లేదు. ఆమె రాతిగుండె కరగాలి" అన్నాను. పేరు చెప్పలేదు. పాస్టరమ్మగారు కన్నీళ్లతో ప్రార్థించారు. వెనక వరస ఆంటీల ఆమెన్ పైకప్పుకి తగిలింది. అందులో భక్తి పాలెంతో, ఇంతకీ ఎవరా తల్లి అన్న ఆరాటం పాలెంతో విడదీసి చెప్పలేను.

దేవుడు నేననుకున్నంత తొందరలో లేడు. టికెట్ నేనే బుక్ చేసుకున్నాను.

ఒంటిగంటకి పిల్లల అపార్ట్‌మెంట్ చేరాను. నేను పాపని ఒళ్లోకి తీసుకుని కుదురుగా కూర్చున్నానో లేదో బెల్ మోగింది. గుమ్మంలో వియ్యపురాలు. నేను దిగానని కూతురు మెసేజ్ పెట్టిందట. నన్ను చూసి కళ్లు మూసుకుంది, రెండు చేతులూ ఎత్తింది, "హల్లెలూయా" అంది మెల్లగా. తర్వాత ఫోన్ తీసి చైనా భాషలో ఏదో చెప్పింది. అవతల ఒకరు కాదు, బోలెడంతమంది ఆడవాళ్లు సంతోషపడుతున్న చప్పుడు.

"ఎవరు వాళ్లు?" అన్నాను.

"మా సంఘం సిస్టర్స్. రోజూ పొద్దున్నే మీ కోసం ప్రార్థన చేస్తున్నారు."

"నాకేం జబ్బు?"

"జబ్బు కాదు. మీ గుండె గట్టిపడిందని."

"ఎంతమంది ఉంటారు మీ సంఘంలో?" అన్నాను.

"చాలా పెద్ద సంఘం" అంది గర్వంగా.

అప్పుడు చెప్పింది. వాళ్ల పద్ధతిలో బాలింతని నెలంతా కనిపెట్టుకోవాల్సింది అత్తగారు. ఇల్లు కదలనివ్వకూడదు, చల్లటిది తాగనివ్వకూడదు, తల తడవనివ్వకూడదు. అత్తగారు రాకముందే తల్లి దూరితే ఆమెని అవమానించినట్టు. "మీరు రాలేదు. నా కూతురు మీకు నచ్చలేదేమో, ఆడపిల్ల పుట్టిందని కోపమేమో అనుకున్నాను" అంది.

"ఆడపిల్లంటే కోపమా, మాకా?" అని అందుకుని, మన పద్ధతేమిటో ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ తలవంచి విన్నది.

"అయితే మీరు కూడా ప్రార్థన చేయించారా?"

"చేయించాను."

"నా గుండె కోసం?"

"మరింకెవరి గుండె?"

చేతిలో డైపర్‌తో నిలబడ్డ మా అబ్బాయి, "వెయిట్, అంటే మీరిద్దరూ..." అని నవ్వబోయాడు. "నోర్ముయ్" అన్నాను తెలుగులో. సరిగ్గా అప్పుడే ఆవిడా చైనా భాషలో ఒక ముక్క అంది. అర్థం అదే అయ్యుంటుంది, వాడు లోపలికి వెళ్లిపోయాడు.

ఆవిడ ఇంకా కోటు విప్పలేదు. "మీ కోడలు పుట్టినప్పుడు నాకెవరూ లేరు సిస్టర్. అత్తగారు లేరు, మా అమ్మకి వీసా రాలేదు, ఆయన ల్యాబ్‌లో. నర్సు ఐసు నీళ్లిస్తే వద్దనడానికి ఇంగ్లీషు రాక తాగేశాను. వాన పడితే ఇప్పటికీ మోకాళ్లు లాగుతాయి. నా కూతురికైనా ఆ నెల దక్కాలి. ఇంకా రోజులున్నాయి. మీరు చేయండి, ఎలా చేయాలో నేను చెబుతాను."

"నేను చేయను" అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది.

"మా లెక్కలో ఇది మీది వదినగారూ. మీరు చేయకపోతేనే నాకు తలవంపులు."

"నిజంగానా? తర్వాత ఏమీ అనరు కదా?"

"అంటాను. చాలా అంటాను. ఈ విషయంలో మాత్రం అనను."

గబగబా కిందికి దిగి కారు డిక్కీ తెరిచింది. మా అబ్బాయి రెండుసార్లు మోశాడు. మట్టికుండ, పాపంత అల్లం, ఎండు ఖర్జూరాల్లాంటి ఎర్రపళ్లు, నువ్వుల నూనె, నల్ల వెనిగర్ జాడీ, ఐస్ డబ్బాలో పందికాళ్లు. పురుడొచ్చిన రోజు నుంచీ అవన్నీ కారులోనే తిరుగుతున్నాయట. అల్లం వడిలినప్పుడల్లా, పందికాళ్లు పాతబడినప్పుడల్లా మళ్లీ కొని మారుస్తూనే ఉందట.

వంటిల్లు ఆవిడదైంది. నాకు అల్లం చెక్కు తీసే ఉద్యోగం దొరికింది. ఉద్యోగం చేస్తూనే వాదించాను. బాలింతకి ఇన్ని సూపులేంటి, మావాళ్లు నీళ్లు తగ్గించి వెల్లుల్లి కారం పెడతారన్నాను. కారం పెడితే పాపకి కడుపులో మంట అంది. తలంటి సాంబ్రాణి పొగ వేద్దామన్నాను. నెలంతా తలకి చుక్క నీళ్లు తగలకూడదంది.

"ఐ వాష్డ్ ఇట్ దిస్ మార్నింగ్" అంది కోడలు సోఫాలోంచి.

నూనె, సాంబ్రాణి పొగ లేకుండా తల తడపడం మా లెక్కలోనూ తప్పే. ఇద్దరం ఒకేసారి తిరిగి చూశాం. జీవితంలో మొదటిసారి మేమిద్దరం ఒక పక్షాన ఉన్నాం. ఆ పిల్ల దుప్పటి మెడదాకా లాక్కుంది.

సాయంత్రానికి సూపు బల్ల మీదికి వచ్చింది. వియ్యపురాలు తీరిగ్గా ప్రార్థన చేసింది. ఆవిడ ముగించాక, మా సంఘం పరువు కూడా ఉంది కాబట్టి, నేను తెలుగులో అందుకున్నాను. కళ్లు తెరిచేసరికి కోడలి గిన్నె సగం ఖాళీ. తల్లితో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడే ఆ పిల్ల, తలెత్తకుండా చైనా భాషలో రెండు మాటలంది. ఆవిడ చటుక్కున పొయ్యి వైపు తిరిగి, శుభ్రంగా ఉన్న పొయ్యినే మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

"ఏమంది?" అన్నాను.

"ఇంకా ఉందా అంటోంది" అంది ఆవిడ, సంఘం ముందు సాక్ష్యం చెబుతున్నట్టు.

నేను గరిటె అందించాను. ఆ క్షణంలో మౌనంగా ఉన్నానని రాస్తే మా అబ్బాయి నమ్మడు. సూపులో ఉప్పు లేదని అన్నాను.