అమ్మకు మిగిలిన మాట

పక్షవాతం వచ్చి అమ్మ కుడిచెయ్యి పడిపోయింది. దాంతోపాటు మాటలూ పోయాయి, ఒక్కటి తప్ప.

"తప్పు."

మంచినీళ్లిస్తే తప్పు. దిండు సర్దితే తప్పు. అన్నయ్యను చూసినా, నన్ను చూసినా, గోడ మీది సిలువను చూసినా అదే మాట. ఉద్యోగమంతా చిన్న తరగతుల పిల్లలతోనే గడిపిన మనిషి. వంకర అక్షరాల మీదికి వంగి ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటుందో! ఆమె నోట అది తిట్టులా ఉండేది కాదు. అంటూనే పిల్లవాడి చెయ్యి పట్టుకుని దిద్దించేది. ఇప్పుడు మాట మిగిలింది, దిద్దించే చెయ్యి లేదు.

రిటైరయ్యాక అమ్మకు ఇల్లూ చర్చీ తప్ప వేరే లోకం లేదు. ఆదివారం అందరికంటే ముందు వెళ్లి బెంచీలు తుడిచేది. జబ్బుపడ్డవాళ్లను, పరీక్షలు రాసేవాళ్లను, అలిగి చర్చి మానేసినవాళ్లను పేరుపేరునా ప్రార్థనలో తలుచుకునేది. "దేవుడికి మన అడ్రసులన్నీ మీ ఆవిడే ఇస్తుందయ్యా" అని నాన్నను ఆటపట్టించేవాళ్లు.

నాన్న దర్జీ. చిన్నప్పుడే బడి మానేశాడు. పెళ్లయ్యాక కుట్టుమిషను పక్కనే కూర్చుని అమ్మే ఆయనకు చదవడం నేర్పింది. అప్పట్నుంచీ ఆయనకు ఆమె "టీచరమ్మ."

ఒకరోజు పాస్టరు గారు వచ్చి మంచం పక్కన మోకరించారు. "అలిసిపోయిన ఈ తల్లికి విశ్రాంతినివ్వు ప్రభువా" అన్నారు.

"తప్పు" అంది అమ్మ.

ఆయన కళ్లు తెరిచారు.

"తప్పు, తప్పు, తప్పు."

పాస్టరు గారు ఆమె మీదికి వంగారు. "తప్పులన్నీ ఆయన ఎప్పుడో క్షమించేశాడు టీచరమ్మ గారూ. మనసులో పెట్టుకోకండి."

అమ్మ ఎడమచెయ్యి దుప్పటిని పిండేసింది. ఆమె తప్పు ఒప్పుకోవడం లేదు, ఆయన ప్రార్థనను దిద్దుతోంది. ఆమెకు విశ్రాంతి అక్కర్లేదు, బతకాలని ఉంది. ఆ సంగతి చెప్పడానికి ఆమె దగ్గర ఇంకో మాట లేదు. ఆయన వెళ్లగానే మొహం గోడవైపు తిప్పేసుకుంది. ఇక నోరు తెరవలేదు. మాటా లేదు, మెతుకూ లేదు.

"తినకపోతే దక్కదు. ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. పీకేసుకోకుండా ఆ చెయ్యి కట్టాల్సి ఉంటుంది" అన్నాడు డాక్టరు.

"వేయిద్దాం" అన్నాడు అన్నయ్య.

"ఉన్న ఒక్క చెయ్యీ కట్టేస్తారా అత్తయ్యకి?" అంది వదిన.

నాన్న జావ గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. రోజూలాగే వాక్యం చదవడానికి బైబిలు తెరిచాడు.

"తప్పిపోయిన గుర్రాన్ని వెతుక్కుంటూ కాపరి వెళ్లాడు..."

"గొర్రె కదా మామయ్యా?"

నాన్న వదినను కళ్లతోనే వారించాడు. "ఆ గుర్రాన్ని ఎత్తి భుజాల మీద వేసుకుని..."

"తప్పు!"

మొహం ఇటు తిరిగింది. తెరుచుకున్న నోట్లోకి చెంచాడు జావ వెళ్లింది. అమ్మ కోపంగా చూస్తూనే మింగింది.

"గుర్రాన్ని మోస్తే నడుం విరగదూ పాపం!" అంది వదిన, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

"దర్జీ చదువు కదమ్మా, కుట్లు తప్పుతాయి" అన్నాడు నాన్న.

ఆ తర్వాత ఆయనకు అదే పని. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి, "రేపేం తప్పు చదవనే?" అని నన్నడిగేవాడు. మరీ చిన్న తప్పయితే ఆమె వదిలేసేది. మరీ పెద్దదైతే వేళాకోళమని తెలిసిపోయేది. సరైన తప్పు దొరికిన పూట గిన్నె సగమైనా ఖాళీ అయ్యేది. తను అన్న మాటకు ఎదుటివాడు "అవును, తప్పే" అని తల ఊపుతుంటే, అమ్మ మొహంలో పాత టీచరమ్మ కనిపించేది. గొట్టం మాట ఎవరూ ఎత్తలేదు.

కానీ గిన్నెలో జావ మిగలడం మొదలైంది. ఆమె గొంతు గాలిలా అయిపోయింది.

ఆ ఉదయం నాన్న చదివాడు. "అయిదు రొట్టెలు, రెండు చెప్పులు పంచిపెట్టగా..."

చెంచా ఎత్తి పట్టుకుని ఆగాడు. అమ్మ ఆయన్నే చూస్తోంది. పెదవులు కదల్లేదు.

"అందరూ చెప్పులు తిని తృప్తిపడ్డారు."

చెంచాలోంచి జావ దుప్పటి మీదికి కారింది.

"టీచరమ్మా, చేపల్ని చెప్పులన్నాను. చెప్పు."

"నాన్నా, ఇక చాలు" అన్నాను.

"ఉండవే. సరిగ్గా వినపడలేదేమో."

కుర్చీ మంచానికి ఆనేలా జరుపుకుని, ఆమె చెవి దగ్గర మళ్లీ చదవసాగాడు, ఇంకా గట్టిగా, ఇంకా తప్పుగా.