నాలుగో కుర్చీ

నిన్న సాయంత్రం యానాంలో మా ఊరి స్కూలు హాల్లో మైకు సరిచూస్తుంటే కీచుమంది. ఆ చప్పుడుకి సుగుణ టీచర్ గుర్తొచ్చారు. చాలా ఏళ్ళ క్రితం ఇదే హాల్లో మైకు ఇలాగే కీచుమంటుండగా, ఆవిడ వేదిక మీద ఖాళీగా ఉన్న నాలుగో కుర్చీలో కూర్చుని, "నేను డాక్టర్ని కావాలనుకున్నాను. కాలేకపోయాను" అన్నారు.

ఆవిడ బయాలజీ టీచర్. ఏ చదువు చదివితే ఏ పని దొరుకుతుందో పిల్లలకు చెప్పే సదస్సును ఏటా ఆవిడే జరిపించేవారు. అతిథులు నలుగురు. ముగ్గురు ఇంజనీరో, నర్సో, బ్యాంకు మేనేజరో అయివుండేవారు. నాలుగో కుర్చీ మాత్రం కోరుకున్నది దక్కని మనిషిది. ఒకరి సంగతి ఒకరికి తెలిసిన ఊళ్ళో ఆ కుర్చీకి మనిషిని ఒప్పించడం తేలిక కాదు. ఆ ఏడు ఒప్పుకున్నాయన తీరా ఉదయాన జ్వరమని కబురు పంపాడు. వార్త రాయడానికి వెళ్ళిన నేను ఆవిడ పక్కనే ఉన్నాను.

"కుర్చీ తీయించేద్దామాండీ?" అన్నాను.

"ఎందుకండీ? నేనున్నానుగా."

మెడిసిన్ సీటు రాలేదని తెలిశాక ఏడాదిపాటు బజారు వైపు వెళ్ళలేదనీ, ఎవరైనా అడుగుతారేమోనని గోదావరి గట్టు చుట్టూ తిరిగి ఇంటికొచ్చేదాన్ననీ మైకులో చెప్పారు. వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు.

"అందుకేనాండీ మాకు బయాలజీ చెబుతున్నారు?"

"అవున్రా. డాక్టరునైతే నీ పరీక్ష పేపర్లు దిద్దే బాధ తప్పేది."

హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక అగ్రహారం అమ్మాయి నాగమణి లేచి, సీటు రాని బాధ ఎప్పుడు పోయిందని అడిగింది.

"పూర్తిగా పోలేదమ్మా. తెల్లకోటు కనిపిస్తే ఇప్పటికీ ఓసారి చూస్తాను. తర్వాత నా పనిలో పడతాను."

ఆ తర్వాత పరీక్షా ఫలితాల రోజుల్లో ఆవిడ చేపల మార్కెట్ దగ్గర నన్ను ఆపారు. "ర్యాంకులొచ్చినోళ్ళ ఫొటోలు బాగా వేశారండి. మరి రానోళ్ళు యానాంలో లేరా?" అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. కానీ మర్నాటి నుంచి ఏ ఫలితాల వార్త రాసినా ఆ ప్రశ్న పక్కనే ఉండేది. గెలిచిన మనిషి ఇంటికి వెళ్ళివస్తూ ఇంకో గుమ్మం ముందు కూడా ఆగడం నాకు అలా అలవాటైంది.

టీచర్ ఇప్పుడు లేరు. అతిథులను పిలిచే పని స్కూలువాళ్ళు నాకు అప్పగించారు. "ఓడిపోయినోళ్ళ మాటలు వింటే పిల్లలు నీరసపడిపోతారండి" అని కొత్త హెడ్మాస్టర్‌ గారి అభిప్రాయం. ఈసారి ఎవరూ రాకపోతే ఆ కుర్చీ ఇక వేయొద్దన్నారు.

నాగమణిని అడుగుదామని మెట్టకూరు వెళ్ళాను. ప్రభుత్వోద్యోగం కోసం ఏళ్ళ తరబడి పరీక్షలు రాసి, అది రాక, ఇప్పుడు రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబ్ పెట్టుకుంది. సంగతి చెప్పగానే చేతిలో సీసా కింద పెట్టేసింది.

"ఇప్పుడిప్పుడే జనం ఆ ఊసు మర్చిపోతున్నారు బాబాయ్ గారూ. మళ్ళీ మైకులో నేనే గుర్తుచేయాలా?"

"టీచర్ తన సంగతి చెప్పలేదా అమ్మా?"

"చెప్పారు. ఆవిడ తనే ఆ కుర్చీలో కూర్చుని చెప్పారు. మీరెప్పుడైనా కూర్చున్నారా?"

పత్రికలో స్టాఫ్ రిపోర్టర్ని కావాలని ఎన్నోసార్లు దరఖాస్తు పెట్టుకున్నాను. చివరిదాకా వార్తకింతని తీసుకునే విలేకరిగానే మిగిలాను. ఆ సంగతి ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. ఊళ్ళో సభలకు పిలిచేవాళ్ళు నన్ను సీనియర్ జర్నలిస్టు అంటారు.

సదస్సు శనివారం. నిన్న మైకు చూసుకున్నాక కుర్చీలు నాలుగూ వేయించాను. అతిథుల పట్టీలో పేర్లు మూడే ఉన్నాయి. నాలుగో పేరు నాదే రాసుకోవాలి.