వంటింట్లోంచి ప్రార్థనకు

డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల ఆఫీసులు వరసగా ఖాళీ అవుతున్న ఏడాది అది. మిషిగన్‌లో ఆర్కిటెక్చర్ మాస్టర్స్ చదువుతున్న నాకు ఆ వేసవిలో ఎక్కడా ఇంటర్న్‌షిప్ దొరకలేదు. నా ముఖం చూసి జాలిపడ్డారో ఏమో, మా ప్రొఫెసర్ ఒక పని అప్పగించారు. ట్రాయ్ అనే ఊరు దాటి ఉత్తరంగా వెళ్తే, పొలాల మధ్య, స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన రైతులు కట్టుకున్న పాత రాతి ఇల్లు ఉంది. దాన్ని కొలిచి ప్లాన్లు గీయాలి.

ఇల్లు కట్టినవాళ్ల మునిమనవరాలు అందులో ఒంటరిగా ఉండేవారు. బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి.

పొలం దున్నుతుంటే బయటపడిన రాళ్లనే ఏరి, సున్నంతో పేర్చిన గోడలు. అవెంత మందమంటే, కిటికీ గట్టు మీద కాళ్లు ముడుచుకుని హాయిగా కూర్చోవచ్చు. ఇంటిని ఆనుకుని, అదే కప్పు కింద, చాపెల్. దానికి గంటా లేదు, శిఖరమూ లేదు. వంటింటి పొయ్యి పక్కనున్న పొట్టి తలుపు తీసి, తల వంచి అడుగేస్తే ప్రార్థన గదిలో ఉంటాం. సున్నం కొట్టిన గోడలు, కొన్ని చెక్క బల్లలు, నేలంతా తివాచీ, మూలన చిన్న ఆర్గన్.

"మా వాళ్లు ముందు దేవుడికి గది కట్టారు. ఆ తర్వాతే తమకి ఇల్లు" అన్నారావిడ మొదటిరోజే, గర్వంగా.

పని సగంలో ఉండగా, చాపెల్ దూలాలు కొలుస్తూ నిచ్చెన మీంచి జారిపడ్డాను. చీలమండ విరిగింది. ఆవిడే కారులో హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. కబురు తెలిసి నా రూమ్మేట్ పరుగెత్తుకొచ్చింది.

"మనది థర్డ్ ఫ్లోర్, లిఫ్ట్ లేదు. ఎట్ల ఎక్కుతవే? నేను పొద్దున పోతే రాత్రికి వస్త. నిన్నెవరు చూస్తరు?" అంది దిగులుగా.

మా మాటలు అర్థం కాకపోయినా, పెద్దావిడకి మా ముఖాలు అర్థమయ్యాయి. "వంటింటి పక్క గది ఖాళీగా ఉంది. అక్కడ మెట్లు లేవు. కాలు బాగయ్యేదాకా ఉండు" అన్నారు.

"తెల్వనోళ్ల ఇంట్ల ఉంటవా?" అని గొణిగింది రూమ్మేట్.

"ఆ ఇంట్లో ప్రతి అంగుళం నాకు తెలుసులే" అన్నాను. ఏడుపులోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది.

అలా ఆ ఇంట్లో మనిషినయ్యాను. పొద్దున్నే ఉప్పేసి కాచిన ఓట్స్ జావ పెట్టేవారు. రూమ్మేట్ తెచ్చిన ఆవకాయ దాంట్లోకి నంజుకుంటుంటే వింతగా చూసి, వారం తిరక్కుండా తనూ నంజుకోవడం మొదలుపెట్టారు. ఆదివారాలు పొట్టి తలుపు తెరిచి, చాపెల్‌లో ఒక్కరే కూర్చుని పాడుకునేవారు. మంచం మీంచి వినేదాన్ని. ఒకసారి "మీ ఇంట్లో ఏం పాడతారు?" అనడిగితే, మా అమ్మ పాడే మంగళహారతి పాడాను. ఆవిడ ఆ వరసని ఆర్గన్ మీద వెతుక్కుంటూ వాయించారు.

ఒక మధ్యాహ్నం పెద్ద వాన. చాపెల్ కిటికీ కారుతోందని ఆవిడ తివాచీ చుట్టేస్తుంటే, కర్రల సాయంతో నేనూ వెళ్లాను. రాతి నేల మీద పడ్డ నీళ్లు చెదరలేదు. రెండువైపుల నుంచీ మధ్యకి చేరి, అరిగిన సన్నటి గాడిలో పడి, పెరటి తలుపు గడప కిందనుంచి బయటికి పోయాయి. అచ్చం అలాంటి వాలు, అలాంటి కాలువ మా తాతగారి గొడ్లచావిడిలో చూశాను. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండే పాత స్కాట్లాండ్ ఇళ్ల గురించి క్లాసులో చదివింది గుర్తొచ్చింది. గోడ తడిమాను. మోకాలెత్తులో, పలుపులు కట్టే కన్నాలు సున్నంతో పూడ్చి ఉన్నాయి.

చాపెల్ ఒకప్పుడు పశువుల కొట్టం.

ఆ మాట ఆవిడతో ఎలా అనను? నాకు నీడనిచ్చిన మనిషి. పూర్వీకుల గురించి అంత గర్వంగా చెప్పుకునే మనిషి. ఆ సాయంత్రం భోజనాల దగ్గర నీళ్లు నములుతూనే చెప్పేశాను. ఆవిడ చెంచా కిందపెట్టి లేచి, చాపెల్‌లోకి వెళ్లి ఆ గాడి పక్కనే వంగి దాన్ని చేత్తో తడిమారు.

"అంటే, బతికి బట్టకట్టాక, తమ ఆవులున్న చోటే కడిగి, సున్నం కొట్టి దేవుడికి ఇచ్చారన్నమాట" అన్నారు మెల్లగా. ఆ తర్వాత పెద్దగా నవ్వారు. "ఏసు పుట్టిందీ పశువుల పాకలోనే కదా. ఆయనకేం కొత్త కాదులే!"



ఆ ఇంటి డ్రాయింగులు చూసిన మీదటే, పాత కట్టడాలు బాగుచేసే ఆఫీసులో నాకు మొదటి ఉద్యోగమిచ్చారు. ఇవాళ్టికీ నాకు కూడు పెట్టేది అదే పని. కాలు బాగై నేను ఆ ఇంటి నుంచి వెళ్లిపోయేముందు ఆవిడ ఇరుగుపొరుగుని టీకి పిలిచి, తివాచీ లేని నేలని చూపించారు.

"ఇది మా అమ్మాయి కనిపెట్టింది" అన్నారు నా భుజం మీద చెయ్యేసి.

ఆ దేశంలో నన్ను 'మా అమ్మాయి' అన్న మొదటి మనిషి ఆవిడే.